పట్టా ఒకరిది, అనుభవం ఒకరిది: ఫాక్‌లాండ్ దీవుల తగాదా

స్టాన్లీలో ఎవరైనా "రేపు క్యాంప్‌కి వెళ్తున్నా" అన్నారంటే గుడారం సర్దుకుంటున్నారని కాదు. ఫాక్‌లాండ్ దీవులకు స్టాన్లీ రాజధాని. ఆ ఊరు దాటాక మిగిలిన నేలంతా, గొర్రెలు మేసే ఆ బీళ్ళన్నీ అక్కడివాళ్ళ లెక్కలో క్యాంపే. స్పానిష్‌లో పల్లెపట్టును 'కాంపో' అంటారు, ఈ మాట దాన్నుంచే వచ్చింది. గుర్రపు సామాన్లలో కొన్నిటికి ఇప్పటికీ స్పానిష్ పేర్లే. బీళ్ళలో అదుపు లేకుండా తిరిగే పశువుల్ని పట్టడానికి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గౌచోలు ఆ మాటలు వదిలి వెళ్ళారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు, బ్రిటన్ జెండా ఎగరేసేవాళ్ళు, మేం అర్జెంటీనా వాళ్ళం కాదని ఓటేసి మరీ చెప్పినవాళ్ళు, రోజూ వాడుకునే మాట మాత్రం అవతలి ఒడ్డుది.

ఈ దీవులు దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్నాయి. అర్జెంటీనా తీరం నుంచి దాదాపు 480 కిలోమీటర్లు, బ్రిటన్ నుంచి దాదాపు 12,700 కిలోమీటర్లు. రెండు పెద్ద దీవులు, వాటి చుట్టూ 700కు పైగా చిన్నవి. మొత్తం 12,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలలో ఉండేది 3,600 మంది చిల్లర. గొర్రెలు మాత్రం అయిదు లక్షల దాకా ఉంటాయి. బ్రిటన్ వీటిని ఫాక్‌లాండ్స్ అంటుంది, అర్జెంటీనా మాల్వినాస్ అంటుంది. 1982లో ఈ నేల కోసం 74 రోజులు యుద్ధం చేసుకున్నారు. తొమ్మిది వందల మందికి పైగా చచ్చిపోయారు. తగాదా మాత్రం ఉన్నచోటే ఉంది.

ఎందుకు తెగదంటే, ఇద్దరూ ఒకే విషయం మాట్లాడుకోవడం లేదు. మాల్వినాస్ మీవెలా అవుతాయని అర్జెంటీనాను అడిగితే 1833లో జరిగింది చెబుతుంది. ఫాక్‌లాండ్స్ మీవెలా అవుతాయని బ్రిటన్‌ను అడిగితే 2013లో జరిగింది చెబుతుంది. భూమి తగాదాల భాషలో చెప్పాలంటే ఒకరు పట్టా చూపిస్తున్నారు, ఇంకొకరు అనుభవం చూపిస్తున్నారు. కాస్త లోపలికి వెళితే ఆ పట్టా కూడా అంత శుభ్రంగా ఏమీ కనిపించదు.

ఈ దీవుల్ని మొదట ఎవరు చూశారన్నది వదిలేద్దాం. దాని మీద నావికుల కథలు చాలానే ఉన్నాయి, తేలేది ఏమీ లేదు. మొదట కాపురం పెట్టింది మాత్రం బ్రిటన్ కాదు, స్పెయిన్ కూడా కాదు. ఫ్రాన్స్. 1764లో లూయీ ఆంత్వాన్ ద బూగాన్‌విల్ తూర్పు దీవి మీద పోర్ట్ లూయీ అనే స్థావరం కట్టాడు. సాన్ మాలో రేవు నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి దీవులకు మాలూయీన్ అని పేరు పెట్టారు, స్పానిష్ నోట్లో పడి అదే మాల్వినాస్ అయింది. ఆ మరుసటేడే జాన్ బైరన్ అనే బ్రిటిష్ నావికుడు పడమటి దీవుల దగ్గర దిగి ఇదంతా మా రాజుగారిదని ప్రకటించాడు. 1766లో అక్కడ పోర్ట్ ఎగ్మాంట్ స్థావరం వెలిసింది. అవతలి కొసన ఫ్రెంచివాళ్ళు అప్పటికే ఇళ్ళు కట్టుకుని ఉన్నారన్న సంగతి దిగినప్పుడు బైరన్‌కు తెలియనే తెలియదు.

స్పెయిన్ అభ్యంతరం చెప్పడంతో ఫ్రాన్స్ 1767లో తన స్థావరాన్ని దానికి అప్పగించేసింది, బూగాన్‌విల్‌కు పెట్టిన ఖర్చు ముట్టింది. 1770లో స్పెయిన్ వాళ్ళు పోర్ట్ ఎగ్మాంట్ నుంచి బ్రిటిష్ వాళ్ళను వెళ్ళగొట్టారు. యుద్ధం అంచుదాకా వెళ్ళి ఆగారు. 1771లో స్పెయిన్ ఆ స్థావరాన్ని తిరిగి ఇచ్చింది, సార్వభౌమత్వం సంగతి మాత్రం ఎటూ తేల్చలేదు. 1774లో ఖర్చు తగ్గించుకోవడానికి బ్రిటనే లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, ఈ దీవులు మూడో జార్జ్ రాజుగారి సొత్తు అని చెక్కిన సీసపు పలక ఒకటి అక్కడ పెట్టింది. తాళం వేసి, గేటుకు బోర్డు తగిలించి ఊరెళ్ళినట్టన్నమాట. 1811లో స్పెయిన్ కూడా తన సైన్యాన్ని వెనక్కి పిలిచింది. వాళ్ళూ పోతూ ఇలాంటి పలకే ఒకటి పెట్టి పోయారు!

ఆ తర్వాత కొన్నేళ్ళు అక్కడ సీల్ వేటగాళ్ళు, తిమింగలాల వేటగాళ్ళు తప్ప ఎవరూ లేరు. అసలు నివాసి అని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉండేది. వారా అనే నక్కలాంటి జంతువు. దీవుల్లో నేల మీద తిరిగే స్థానిక క్షీరదం అదొక్కటే. 1833లో, 34లో అక్కడ ఆగిన డార్విన్ దాన్ని చూసి ఇది ఎన్నాళ్ళో బతకదన్నాడు. 1876 కల్లా అది కాస్తా అంతరించింది. ఇది సరదాకి చెప్పడం లేదు. ఇక్కడ వలసవాదులు వచ్చి తరిమేసిన ఆదివాసులు ఎవరూ లేరు, ఈ కేసు మిగతా వలస రాజ్యాల కేసుల్లో ఇమడకపోవడానికి అదే మొదటి కారణం.

స్పెయిన్ నుంచి 1816లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న బ్యూనస్ ఎయిరిస్ ప్రభుత్వం, అంటే ఇప్పటి అర్జెంటీనా, స్పెయిన్ ఆస్తికి వారసులం మేమే అంది. 1820లో దాని తరఫున డేవిడ్ జూయెట్ అనే అమెరికన్ దీవుల్లో జెండా ఎగరేశాడు. హాంబర్గ్‌లో పుట్టిన వ్యాపారి లూయిస్ వెర్నెట్ పశువుల మీద, సీల్ వేట మీద హక్కులు సంపాదించి జనాన్ని తీసుకొచ్చి ఊరు నిలబెట్టాడు. 1829 జూన్ 10న బ్యూనస్ ఎయిరిస్ అతన్ని దీవులకు కమాండర్‌గా నియమించింది, అదే ఏడాది బ్రిటన్ నిరసన పత్రం ఇచ్చింది. వెర్నెట్ ఆషామాషీ మనిషి కాదు. ఎందుకైనా మంచిదని తన కాగితాల్ని అంతకుముందే బ్యూనస్ ఎయిరిస్‌లోని బ్రిటిష్ కాన్సులేట్‌కూ చూపించుకున్నాడు. ఇప్పుడు రెండు పక్షాలూ అతని కాగితాల్నే సాక్ష్యంగా తెస్తాయి.

1831లో వెర్నెట్ అనుమతి లేకుండా సీల్ వేటాడుతున్నాయని అమెరికా ఓడల్ని పట్టుకున్నాడు. అమెరికా యుద్ధనౌక లెక్సింగ్టన్ వచ్చి ఆ స్థావరాన్ని చిందరవందర చేసి పోయింది. 1832లో బ్యూనస్ ఎయిరిస్ కొత్త కమాండర్‌ను, సైనికుల్ని పంపింది. ఆ సైనికులే తిరగబడి అతన్ని చంపేశారు. ఆ గందరగోళంలో, 1833 జనవరి 2న, బ్రిటిష్ నౌక క్లియో వచ్చి లంగరు వేసింది.

క్లియో కెప్టెన్ జాన్ జేమ్స్ ఆన్‌స్లో ఒక కాగితం రాసి పంపాడు. రేపు మా జెండా ఎగరేస్తాం, మీ జెండా దించి మీ బలగాన్ని తీసుకుని వెళ్ళండి అని దాని సారాంశం. అవతల సారాందీ అనే బ్యూనస్ ఎయిరిస్ ఓడ కెప్టెన్ హోసే మరియా పినేదో నిరసన చెప్పాడు. పోరాడదామంటే అతని నావికుల్లో చాలామంది బ్రిటిష్ వాళ్ళే, సొంత దేశం వాళ్ళ మీద తుపాకీ ఎత్తే రకం కాదు. మర్నాడు బ్రిటిష్ వాళ్ళు దిగి తమ జెండా ఎగరేశారు. అవతలి జెండాను దించి ఒక అధికారి చేత మర్యాదగా పినేదోకే పంపించారు. తుపాకీ పేలలేదు. పినేదో వెళ్ళిపోయి స్వదేశంలో విచారణ ఎదుర్కొన్నాడు.

అర్జెంటీనాలో పిల్లలు ఈ ఘట్టాన్ని 'ఆక్రమణ' అని చదువుకుంటారు. అక్కడి జనాన్ని వెళ్ళగొట్టి సొంత జనాన్ని దింపారన్నది ఆ దేశం మాట. వెళ్ళగొట్టింది సైన్యాన్నే, గౌచోలు, మరికొందరు నివాసులు అక్కడే ఉండిపోయారన్నది బ్రిటన్ మాట. ఈ ఒక్క ముక్కలో నాకు బ్రిటన్ మాటే రికార్డుకు దగ్గరగా అనిపిస్తుంది. అలాగని బలం చూపించి జెండా దింపించడం మంచి పని అయిపోదు. సైన్యాన్ని మాత్రమే పంపేశాం అనేది ఇల్లు ఖాళీ చేయించిన తీరుకు సంజాయిషీ అవుతుందేమో కానీ, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కాదు.

ఇక చట్టం సంగతి. స్పెయిన్ వలసలు స్వతంత్ర దేశాలైనప్పుడు పాత పాలనా హద్దులే కొత్త దేశపు సరిహద్దులవుతాయన్న సూత్రం ఒకటుంది. అర్జెంటీనా పట్టా దాని మీదే నిలబడింది. ఆ సూత్రం స్పెయిన్ వారసులు తమలో తాము కలహించుకోకుండా పెట్టుకున్నది, అందులో లేని బ్రిటన్‌ను అది ఎలా కట్టేస్తుందన్నది అవతలి ప్రశ్న. ఇంకోవైపు, పాల్మాస్ అనే దీవి మీద అమెరికా, నెదర్లాండ్స్ మధ్య వచ్చిన కేసులో 1928లో మధ్యవర్తి మాక్స్ హూబర్ ఇచ్చిన తీర్పు ఉంది. కనుక్కున్నంత మాత్రాన దీవి సొంతం కాదు, దగ్గరగా ఉన్నంత మాత్రానా కాదు, నిలకడగా, గొడవ లేకుండా పాలన నడిపి చూపించాలి అని ఆయన తేల్చాడు. ఆ లెక్కన 480 కిలోమీటర్లన్న మాటకు విలువ లేదు. బైరన్ ప్రకటనకూ, సీసపు పలకకూ లేదు. మిగిలేది 1833 తర్వాతి పాలన. అది బ్రిటన్‌దే, సందేహం లేదు. కానీ 'గొడవ లేకుండా' అన్న షరతు దగ్గరే కొట్టుకుంటారు. అర్జెంటీనా 1833లోనే నిరసన తెలిపింది, తర్వాతా తెలిపింది. అయితే 1850లో రెండు దేశాల మధ్య ఒక ఒప్పందం అమల్లోకి వచ్చింది, స్నేహ సంబంధాలు పూర్తిగా పునరుద్ధరించుకుంటున్నామని అందులో రాసుకున్నారు. ఆ తర్వాత 1880ల దాకా అర్జెంటీనా దాదాపు నోరెత్తలేదు. అంటే వదులుకున్నట్టే కదా అని బ్రిటన్ పక్షం. ఆ ఒప్పందం బ్రిటన్ నౌకలు ప్లేట్ నదిని దిగ్బంధించిన గొడవ గురించి, అందులో దీవుల ఊసే లేదు కదా అని అర్జెంటీనా పక్షం.

మరి కోర్టుకు వెళ్ళచ్చు కదా? అంతర్జాతీయ న్యాయస్థానం విచారించాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. దక్షిణ జార్జియా, దక్షిణ శాండ్‌విచ్ దీవుల విషయం కోర్టుకు పెడదామని బ్రిటన్ అడిగింది, 1955లో దరఖాస్తు కూడా వేసింది. అర్జెంటీనా ఒప్పుకోలేదు. అసలు ఫాక్‌లాండ్స్‌ను మాత్రం బ్రిటన్ ఆ దరఖాస్తులో చేర్చలేదు. తన కేసు మీద తనకు పూర్తి నమ్మకం ఉన్నవాడు కోర్టు గుమ్మం దగ్గర ఇంతగా తటపటాయించడు. అది ఇద్దరికీ వర్తిస్తుంది.

1960ల్లో తగాదా ఐక్యరాజ్య సమితికి చేరింది, కొత్త చిక్కుముడి పడింది అక్కడే. వలసలు అంతం కావాలన్న 1960 నాటి తీర్మానంలో ఒక పేరా ప్రజలందరికీ స్వయంనిర్ణయ హక్కు ఉందంటుంది. ఇంకో పేరా ఏ దేశాన్నీ ముక్కలు చేయకూడదంటుంది. మొదటిది బ్రిటన్ పట్టుకుంది, రెండోది అర్జెంటీనా పట్టుకుంది. 1965లో వచ్చిన 2065వ తీర్మానం, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, దీవుల జనాభా 'ప్రయోజనాలను' దృష్టిలో పెట్టుకోండి అంది. 'ఇష్టాలను' అనలేదు. అర్థ శతాబ్దంగా దౌత్యవేత్తలు ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నారు. ప్రయోజనం అంటే నీకేది మంచిదో పక్కవాడు కూడా చెప్పచ్చు. ఇష్టం అంటే నువ్వే చెప్పాలి. అర్జెంటీనా 1994 రాజ్యాంగం దీవుల మీద హక్కును ఎప్పటికీ వదులుకోని జాతీయ లక్ష్యం అంటూనే, అక్కడివారి జీవన విధానాన్ని గౌరవిస్తామంటుంది. వాళ్ళ ఇష్టాన్ని అడుగుతామని మాత్రం ఎక్కడా అనదు. బయటినుంచి తెచ్చి దింపిన జనానికి స్వయంనిర్ణయం ఏమిటని దాని వాదన.

దీని మీద చాలామందికి గుర్తులేని సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో బ్రిటన్ ఈ దీవుల్ని వదిలించుకోవాలనే చూసింది. 1968లో, ఇద్దరూ ఒప్పుకున్న తేదీ నుంచి అర్జెంటీనా సార్వభౌమత్వాన్ని గుర్తిస్తామన్న అవగాహన పత్రం దాకా వెళ్ళింది, పార్లమెంటులో గోల కావడంతో వెనక్కి తగ్గింది. 1971లో రాకపోకల ఒప్పందం కుదిరింది. అర్జెంటీనా వైమానిక దళం నడిపే సంస్థ విమానాలు స్టాన్లీకి తిరిగేవి. జబ్బు చేస్తే వైద్యం అర్జెంటీనాలో, కొందరు పిల్లల చదువు అర్జెంటీనాలో, ఇంధనం అర్జెంటీనా ప్రభుత్వ కంపెనీది. 1974లో ఉమ్మడి పాలన ప్రతిపాదన కూడా వచ్చింది, జులై 1న అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్ చనిపోవడంతో అదీ అటకెక్కింది. 1980లో బ్రిటిష్ మంత్రి నికొలస్ రిడ్లీ స్టాన్లీ వెళ్ళి, హక్కు అర్జెంటీనాకు రాసిచ్చి, మనమే లీజుకు తీసుకుని ఎప్పటిలాగే ఉందామన్న ఆలోచన దీవులవాళ్ళ ముందు పెట్టాడు. వాళ్ళు ససేమిరా అన్నారు. తిరిగొచ్చాక పార్లమెంటులో అన్ని పార్టీల వాళ్ళూ కలిసి ఆయన్ని ఉతికి ఆరేశారు. 1981లో వచ్చిన పౌరసత్వ చట్టంలో దీవుల్లో చాలామందికి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం కూడా దక్కలేదు. అక్కడ గస్తీ తిరిగే ఎండ్యూరెన్స్ నౌకను ఖర్చు ఎక్కువని తీసేస్తామన్నారు. బ్యూనస్ ఎయిరిస్‌లో కూర్చున్న సైనిక పాలకులకు ఇదంతా ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. వీళ్ళకు దీవుల మీద ఆశ లేదు, తీసుకుంటే ఎవరూ రారు అనుకున్నారు.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనాలోని జనరల్ గాల్తియేరీ ప్రభుత్వం దీవుల్లో సైన్యాన్ని దింపింది. మర్నాడే భద్రతా మండలి వెనక్కి వెళ్ళమంది. బ్రిటన్‌లోని థాచర్ ప్రభుత్వం నౌకాదళాన్ని పంపింది. మే 2న అర్జెంటీనా నౌక జనరల్ బెల్‌గ్రానో మునిగి 323 మంది చనిపోయారు. రెండు రోజులకే ఎక్సోసెట్ క్షిపణి తగిలి బ్రిటిష్ నౌక షెఫీల్డ్ తగలబడింది. గూస్ గ్రీన్ పల్లెలో అర్జెంటీనా సైనికులు 114 మందిని, పిల్లా పెద్దా అందర్నీ, సామాజిక హాల్లో దాదాపు నెల రోజులు బంధించారు. జూన్ 14న అర్జెంటీనా దళాలు లొంగిపోయాయి. 649 మంది అర్జెంటీనా వాళ్ళు, 255 మంది బ్రిటిష్ సైనిక సిబ్బంది, ముగ్గురు దీవుల ఆడవాళ్ళు పోయారు.

యుద్ధం హక్కుల ప్రశ్నను అంగుళం కదపలేదు. బేరాన్ని మాత్రం చంపేసింది. అంతకుముందు బ్రిటన్‌కు బరువుగా ఉన్న దీవులు ఇప్పుడు రక్తం పోసి తెచ్చుకున్న దీవులయ్యాయి. 1983లో దీవులవాళ్ళకు పూర్తి పౌరసత్వం వచ్చింది, తర్వాత మౌంట్ ప్లెజెంట్‌లో పెద్ద సైనిక స్థావరం వెలిసింది. 1986లో దీవుల చుట్టూ చేపల వేట మండలం ప్రకటించారు. అసలు మలుపు అదీ. విదేశీ ఓడలకు స్క్విడ్ అనే సముద్ర జీవి వేట లైసెన్సులు అమ్మడం మొదలయ్యాక, ఉన్ని ధరలు చూసుకుని బతికే ఊరు రక్షణ తప్ప మిగతా ఖర్చులన్నీ తానే పెట్టుకునే స్థితికి వచ్చింది. డబ్బున్న చిన్న సమాజం ఇంకొకరి చేతికి వెళ్ళడానికి ఎందుకు ఒప్పుకుంటుంది?

1989లో మాడ్రిడ్‌లో మళ్ళీ మాటలు కలిశాయి. దానికి కనిపెట్టిన ఉపాయం మీద నాకు కాస్త ముచ్చటే. ఈ సమావేశంలో మేం ఏం చెప్పినా, ఏం సంతకం చేసినా, అది ఎవరి హక్కునూ ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు అని ముందే రాసుకున్నారు. దాన్ని గొడుగు అన్నారు. దాని కింద చేపల మీద, చమురు మీద కలిసి పనిచేశారు. ఇల్లెక్స్ అనే స్క్విడ్ ఏడాది మాత్రమే బతుకుతుంది, ఆ ఏడాదిలోనే అర్జెంటీనా నీళ్ళలోంచి దీవుల నీళ్ళలోకి తిరుగుతుంది. ఒకవైపు అతిగా పడితే రెండోవైపు వల ఖాళీ. అయినా 2005 తర్వాత ఉమ్మడి చేపల కమిషన్ మూలపడింది, చమురు ఒప్పందాన్ని 2007లో అర్జెంటీనా రద్దు చేసింది.

2013 మార్చిలో బ్రిటన్ భూభాగంగానే ఉందామా అని దీవుల్లో ఓటు పెట్టారు. ఉందామన్నవి 1,513. వద్దన్నవి 3. ఇంత చిన్న ఊళ్ళో ఆ ముగ్గురెవరో అన్న కుతూహలం నాకిప్పటికీ ఉంది! అర్జెంటీనా ఆ ఓటును లెక్కలోకే తీసుకోలేదు. ఇంటి అద్దెదారులు కలిసి ఇల్లు ఎవరిదో ఓటేసి తేల్చడం ఏమిటన్నట్టు మాట్లాడింది. తొమ్మిది తరాలు కాపురమున్న ఇంట్లో అద్దెదారులు అంటే దీవులవాళ్ళకు కోపం రాదా? వస్తుంది. బ్రిటన్ చేతులూ అంత శుభ్రం కాదు. జనం ఇష్టమే అంతిమం అని ఇక్కడ చెప్పే ఆ దేశమే, హిందూ మహాసముద్రంలోని ఛాగోస్ దీవుల నుంచి 1968, 1973 మధ్య జనాన్నంతా ఖాళీ చేయించింది, డియెగో గార్సియాలో అమెరికా స్థావరం కోసం. వాళ్ళను ఎవరూ ఓటు అడగలేదు.

2025 ఏప్రిల్ 2న అర్జెంటీనా అధ్యక్షుడు మిలే, దీవుల జనమే ఒకనాటికి తమ దేశాన్ని ఎంచుకోవాలని ఆశపడుతున్నట్టు మాట్లాడాడు. దేశంలో పెద్ద దుమారం రేగింది. ఎంచుకోవాలి అన్నాడంటే వాళ్ళకు ఎంచుకునే హక్కుందని ఒప్పుకున్నట్టే కదా!

తూర్పు దీవిలో డార్విన్ అనే పల్లె దగ్గర అర్జెంటీనా సైనికుల సమాధులు ఉన్నాయి. యుద్ధం అయ్యాక శవాల్ని స్వదేశానికి పంపిస్తామని బ్రిటన్ అంది. వాళ్ళు ఉన్నది స్వదేశంలోనే కదా, ఇంక పంపేదేమిటి అంది అర్జెంటీనా. దాంతో జెఫ్రీ కార్డోజో అనే బ్రిటిష్ అధికారి యుద్ధభూముల్లో చెల్లాచెదురుగా ఉన్న శవాల్ని పోగుచేయించి, పేరు తెలియనివారి పక్కన దొరికిన వస్తువుల వివరాలు జాగ్రత్తగా రాసిపెట్టి, 1983లో అక్కడ ఖననం చేయించాడు. వందకు పైగా తెల్ల శిలువల కింద 'దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు' అని ఉండేది. 2016లో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాక, 2017లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సమాధులు తవ్వి నమూనాలు తీసింది. చాలామంది పేర్లు తెలిశాయి. 2018 మార్చిలో వాళ్ళ తల్లులు, అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు విమానంలో వచ్చి, ముప్ఫై అయిదేళ్ళ తర్వాత ఏ శిలువ ఎవరిదో తెలిసి దాని ముందు మోకరిల్లారు. పలకల మీద పేర్లు మార్చారు. నమూనా తీసిన రోజే ఎముకల్ని కొత్త పెట్టెలో సర్ది, ఎవరి గుంటలో వాళ్ళను మళ్ళీ పూడ్చేశారు.